గంధకం పొగలో తెల్ల గులాబీ

నిన్న తప్పు చేసి పక్కవాళ్ల వైపు వేలు చూపించినవాడా, నీతోనే ఈ మాట. వెనక్కి జరగకు, ముందుకొచ్చి కూర్చో. గిన్నె పగలగొట్టింది నువ్వు. తిట్లు తిన్నది నీ చెల్లెలు. సాయంత్రం దాని చేతిలో బెల్లం ముక్క పెట్టి, అంతటితో సరిపోయిందనుకున్నావు. సరిపోలేదు. బెల్లానికి తీపి ఉంటుంది కానీ నోరు ఉండదు. "తప్పు నాది" అని బెల్లం చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు. చెప్పకుండా తప్పించుకున్నవాడికి ఏమవుతుందో విను. పెద్దవాళ్లూ వినండి. ఇందులో మీకు మినహాయింపు లేదు.

అనగనగా కొండలు కోటగోడల్లా నిలిచి, మంచు పొద్దెక్కేదాకా కరగని చోట, పాటలగిరి అని ఒక రాజ్యం ఉండేది. అక్కడ ఎవరు ఇల్లు కట్టుకున్నా, గుమ్మం నిలబెట్టకముందే పెరట్లో నాలుగు గులాబీ మొక్కలు నాటేవారు. ఒకటి ఎరుపు, ఒకటి పసుపు, ఒకటి లేత ఎరుపు, ఒకటి తెలుపు. అవి అలంకారానికి కావు, మాట్లాడటానికి.

ఎర్ర గులాబీ ఇస్తే "నా మనసు నీది" అని అర్థం. భర్త భార్యకు ఇచ్చేవాడు, పెళ్లి కుదిరిన అబ్బాయి అమ్మాయికి ఇచ్చేవాడు. పసుపు ఇస్తే "మన స్నేహం చల్లగా ఉండాలి" అని. లేత ఎరుపు ఇస్తే "నీ మేలు మరువను" అని. తెల్ల గులాబీకి మాత్రం ఒకటే అర్థం: "తప్పు నాది, మన్నించు."

పువ్వు తన పెరటిదే కావాలి. తన చేత్తో కోసి, తన చేత్తో ఇవ్వాలి. అందుకునేవారు రెండు చేతులా అందుకోవాలి. ఎందుకని అడగరాదు, తిప్పి చూడరాదు. తెల్ల పువ్వయితే నీళ్ల గిన్నెలో వేసి, రేకులు రాలేదాకా గడప పక్కన ఉంచాలి. దారిన పోయేవారు చూసి, ఈ ఇంట ఒక తగవు తీరిందని సంతోషించేవారు. నోటిమాటనైతే "నేనలా అనలేదే" అని మార్చేయవచ్చు. ఇచ్చిన పువ్వును మార్చడం కుదరదని ఆ రాజ్యంలో అందరి నమ్మకం.

రాజధానిలో పట్టువీధి అనే వీధి ఉండేది. ఆ వీధిలో నాంచారమ్మ అనే నేతగత్తె, ఆమె భర్త ఓబన్న కాపురం ఉండేవారు. ఆమె మగ్గం నేసేది, అతడు నూలును కండెలకు చుట్టేవాడు. ఉన్నది ఒక్క మగ్గం. దాని చప్పుడు ఆగితే పొయ్యి మీద కుండ ఎక్కదు.

నాంచారమ్మ పెరట్లోని తెల్ల గులాబీ లాంటి చెట్టు ఆ వీధి మొత్తంలో లేదు. కోసిన కొమ్మకు రెండు చిగుళ్లు వచ్చేవి, చిగురు చిగురుకూ మొగ్గ తొడిగేది. ఎందుకంటే ఆమె ఆ చెట్టును ఊరికే ఉండనిచ్చేది కాదు.

ఒక ఉదయం మజ్జిగ అమ్మే సుబ్బులు గుమ్మంలోకి రాగానే, నాంచారమ్మ తెల్ల పువ్వుతో ఎదురొచ్చింది.

"ఇదెవరికమ్మా? ఈ వేళ ఎవరికి అన్యాయం చేశావు?" అంది సుబ్బులు, కుండ దించుతూ.

"నీకే. నిన్న నీ మజ్జిగలో నీళ్లున్నాయని అన్నాను. తీరా చూస్తే కడిగిన గిన్నెలో నీళ్లు ఒంపకుండా పోయించుకున్నది నేనే."

"నువ్వన్నది నాకు గుర్తే లేదు."

"నాకు గుర్తుంది. పుచ్చుకో."

ఓబన్న లోపలి నుంచి అన్నాడు. "పుచ్చుకో సుబ్బులూ. లేకపోతే రెండోది కోస్తుంది. ఊళ్లో తప్పులన్నీ మా ఇంట్లోనే జరుగుతాయని పరదేశులు అనుకుంటున్నారు."

వీధివాళ్లు నవ్వేవారు. కానీ నాంచారమ్మ ఒక మాట చెబితే, దాన్ని మళ్లీ ఇంకొకరిని అడిగి తెలుసుకోవాలని ఎవరికీ తోచేది కాదు. అది చిన్న సంపాదన కాదు పిల్లలూ. రాజులకు కూడా అంత సులభంగా దొరకదు.

ఆమె పక్కింట్లో కామిశెట్టి ఉండేవాడు. పట్టు వర్తకుడు. పచ్చి పట్టునూలు లేత పసుపుగా ఉంటుంది. దాన్ని మూసిన గదిలో వేలాడదీసి, కింద గంధకం ముట్టిస్తే, ఆ పొగకు నూలు పాలలా తెల్లబడుతుంది. ఆ పనిలో కామిశెట్టిని మించినవాడు లేడు. ఉన్న గొప్పను ఒప్పుకోవాలి. అతనికి ఇంకొక గొప్ప కూడా ఉండేది. అది అతను తనంతట తానే చెప్పుకునేది.

"నా తెల్ల చెట్టు మీద ఇంతవరకూ కత్తెర పడలేదు" అనేవాడు, అంగడి అరుగు మీద కూర్చుని. "తప్పు చేసేవాడికి కదా తెల్ల పువ్వుతో పని."

తప్పు చేయక కాదు. ఒకసారి అతను పొగ గది తలుపు సరిగ్గా మూయలేదు. పొగ గోడ దాటి, నాంచారమ్మ పెరట్లో ఆరేసిన ఎర్రనూలును కమ్మింది. ఎర్రనూలు కాస్తా వెలవెలబోయింది. ఆమె దాన్ని నీళ్లలో నానబెట్టగా ఎరుపు మెల్లగా తిరిగి వచ్చింది కానీ, మచ్చలు మచ్చలుగా వచ్చింది. మళ్లీ రంగు వేసుకోవలసి వచ్చింది. కామిశెట్టి నవ్వుతూ వచ్చి ఒక పసుపు గులాబీ ఇచ్చాడు.

"ఇరుగుపొరుగు వాళ్లం. మనలో మనకేమిటి నాంచారమ్మా."

నియమం ప్రకారం ఆమె రెండు చేతులా అందుకుంది. ఏమీ అడగలేదు.

ఇంకొకసారి అతను నూలు ఆలస్యంగా ఇచ్చి, చీర ఆలస్యమైందని కొన్నవారి ఎదుట ఆమెను నిందించాడు. ఈసారి లేత ఎరుపు గులాబీ తెచ్చాడు.

"అన్నీ ఓర్చుకుంటావు. నీ మేలు మరువను."

ఆమె అదీ అందుకుంది. అతను వెళ్లాక ఓబన్న ఆ పువ్వును చూసి, "శెట్టిగారి పెరట్లో అన్ని రంగులూ పూస్తున్నాయి, ఒక్కటి తప్ప" అన్నాడు.

"అతని పెరడు అతనిది. మనం తొంగి చూడకూడదు" అంది నాంచారమ్మ.

మూడోసారి వచ్చిన తప్పు పెరట్లో ఇమిడేది కాదు.

పాటలగిరిని అప్పుడు అనంతకేతుడనే రాజు పాలించేవాడు. యువరాజు పట్టాభిషేకానికి సింహాసనం పైన కట్టడానికి తెల్లపట్టు మేలుకట్టు కావాలని ఆయన కోరాడు. నూలు కామిశెట్టిది, నేత నాంచారమ్మది. నూలు ఇంకా తెల్లగా, ఎవరూ చూడనంత తెల్లగా ఉండాలని కామిశెట్టి ఆశపడ్డాడు. దాన్ని గంధకం పొగలో ఉంచవలసిన దానికంటే చాలాసేపు ఉంచాడు.

నాంచారమ్మ పోగు పట్టుకోగానే అది పుటుక్కుమంది.

"శెట్టిగారూ, నూలు పెళుసెక్కింది. దీన్ని నేయకూడదు."

"నేయి. ముహూర్తం నీ కోసం ఆగుతుందా? ఏమైనా అయితే నేను లేనూ?"

ఆమె నేసింది. పట్టాభిషేకం జరుగుతుండగా చిన్న గాలి వీచింది. మేలుకట్టు నడిమికి చిరిగి, యువరాజు తల మీద పడింది. సభ నివ్వెరపోయింది.

రాజు ఇద్దరినీ పిలిపించాడు. "నూలు పాడా, నేత పాడా?"

"నా నూలు సంగతి దేశమంతటికీ తెలుసు మహారాజా. నేత వదులు" అన్నాడు కామిశెట్టి.

"నేత గట్టిది మహారాజా. నూలు పొగలో ఎక్కువసేపు ఉండిపోయింది. నేయకూడదని చెప్పాను" అంది నాంచారమ్మ.

"చెప్పినదానివి ఎందుకు నేశావు?"

నాంచారమ్మ కొంగులోంచి ఒక తెల్ల గులాబీ తీసింది. ఆ ప్రశ్న వస్తుందని ఆమె ఇంటి దగ్గరే అనుకుంది.

"అంతవరకు తప్పు నాదే మహారాజా. పెళుసు నూలని తెలిసీ నేశాను. ఆ తప్పుకు ఈ పువ్వు. చిరిగినందుకు మాత్రం కాదు."

రాజు సింహాసనం దిగి వచ్చి రెండు చేతులా అందుకున్నాడు. తన తప్పును ఇంత సరిగ్గా కొలుచుకుని, ఎక్కువా తక్కువా లేకుండా తెచ్చినవారిని ఆయన అంతకుముందు చూడలేదు. అయినా ధర్మపీఠం మీద ఉన్నవాడు ఇష్టాన్ని బట్టి తీర్పు చెప్పరాదు.

"చిరిగిన తప్పు ఇంకా మిగిలే ఉంది" అన్నాడు. "అది ఎవరిదో మీ ఇద్దరికీ తెలుసు. తప్పున్నవారు రెండోవారికి అందరి ఎదుటా తెల్ల పువ్వు ఇవ్వాలి. అప్పటిదాకా నీ మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే నాడె, అతని అంగడి తాళంచెవి నా దగ్గరే ఉంటాయి."

నాడె లేని మగ్గం కొయ్య మంచంతో సమానం. నాంచారమ్మ ఇంట్లో చప్పుడు ఆగిపోయింది. పొయ్యి మీద గంజి పలచబడింది. పలచబడిన గంజి చూసి ఓబన్న, "ఇప్పుడు నిజంగానే ఇందులో నీళ్లున్నాయి. సుబ్బులుకు చెప్పకు" అన్నాడు.

వీధివాళ్లు వచ్చి నచ్చజెప్పారు. "నీ చెట్టు నిండా పూలే కదమ్మా. మజ్జిగ మాటకే పువ్వు ఇచ్చినదానివి, ఆ శెట్టికి ఒకటి ఇచ్చేస్తే నీ నాడె నీకొస్తుంది. పోయేదేముంది?"

"చేసిన తప్పుకు చెట్టంతా దులిపి ఇస్తాను. చేయని తప్పుకు ఒక్క రేకు ఇవ్వను" అంది నాంచారమ్మ. "ఊరికే ఇస్తే, నేను ఇదివరకు ఇచ్చినవన్నీ ఊరికే ఇచ్చినట్టు అవుతాయి."

అక్కడ కామిశెట్టికీ కష్టంగానే ఉంది. పెళ్లిళ్ల కాలం వచ్చింది. కొనేవారంతా ఇంకొక అంగడికి పోతున్నారు. చివరికి ఒకనాడు పట్టువీధి మొత్తం చూస్తుండగా అతను నాంచారమ్మ గుమ్మంలోకి వచ్చాడు. అతని చేతిలో తెల్ల గులాబీ ఉంది.

పువ్వు చాచాడు. నాంచారమ్మ రెండు చేతులా అందుకుంది. పువ్వు నుంచి గంధకం వాసన వచ్చింది. కానీ శెట్టి చేతులు ఎప్పుడూ ఆ వాసనే వేస్తాయి. ఆమె దాన్ని పట్టించుకోలేదు. ఆమె కళ్లు చెమర్చాయి. గర్వం ఉన్న మనిషి తల వంచి వచ్చాడు. అదెంత కష్టమో తెల్ల పువ్వులు ఇచ్చిన ఆమెకే బాగా తెలుసు.

పువ్వును నీళ్ల గిన్నెలో వేసి గడప పక్కన పెట్టింది. భటులు వచ్చి నాడె ఆమెకు, తాళంచెవి అతనికి ఇచ్చి వెళ్లారు. ఆ సాయంత్రమే మగ్గం మోగింది.

మర్నాడు గుమ్మం కడుగుతూ నాంచారమ్మ గిన్నెలోకి చూసింది. తెల్ల పువ్వు అంచులు కందినట్టున్నాయి. ఎండ తగిలిందేమో అనుకుంది. పొద్దెక్కేసరికి లోపలి రేకులకూ ఎరుపు పాకింది. మధ్యాహ్నానికి ఆ గిన్నెలో ఉన్నది ఎర్ర గులాబీ.

ఆమెకు తన ఎర్రనూలు గుర్తొచ్చింది. పొగలో వెలవెలబోయి, నీళ్లలో మళ్లీ రంగు తిరిగిన నూలు. శెట్టి చేసిన పని ఆమెకు అర్థమైంది. ఎర్ర గులాబీని కోసి, గంధకం పొగ పట్టి తెల్లగా చేసి తెచ్చాడు. "తప్పు నాది" అని చెప్పినట్టు కనిపించాడు, చెప్పలేదు.

ఓబన్న వచ్చి గిన్నె చూశాడు. వీధిలోకి అటూ ఇటూ చూశాడు. తరువాత మెల్లగా అన్నాడు.

"నాంచారీ, పువ్వన్నాక వాడిపోతుంది. పెంటకుప్పలో పారేద్దాం. ఎవరూ చూడలేదు. నాడె మన దగ్గరుంది."

"ఈ పువ్వు మీదే కదా నాడె వచ్చింది."

"మళ్లీ పలచటి గంజేనా?"

నాంచారమ్మ మగ్గం వైపు చూసింది. సగం నేసిన చీర దాని మీద ఉంది. అబద్ధం ఆమెది కాదు. నోరు మూసుకుంటే చాలు, చీర పూర్తవుతుంది, కుండ నిండుతుంది. ఆమె చేయవలసిందల్లా ఏమీ చేయకపోవడమే. పిల్లలూ, అబద్ధాల్లో అన్నిటికంటే తేలికైనది అదే. అందుకే చాలామంది దాన్ని అబద్ధమని కూడా అనుకోరు.

ఆమె పోగు తెంపి నాడెను బయటికి తీసింది. ఒక చేత్తో నాడె, ఒక చేత్తో గిన్నె పట్టుకుని కోటకు నడిచింది. ఓబన్న నిట్టూర్చి, పై గుడ్డ భుజాన వేసుకుని ఆమె వెంట నడిచాడు.

సభలో ఆమె రెండింటినీ రాజు ముందు పెట్టింది.

"మహారాజా, ఈ నాడె తెల్ల పువ్వు మీద నాకు తిరిగి వచ్చింది. ఆ పువ్వు తెల్లది కాదు. కనుక నాడె నాది కాదు."

రాజు కామిశెట్టిని పిలిపించాడు. శెట్టి గిన్నెలోకి చూసి, తడబడకుండానే అన్నాడు.

"నీళ్ల దోషం మహారాజా. వాళ్లు రంగులు కలిపే ఇల్లు. ఏ గిన్నెలో ఏ రంగు అంటుకుని ఉందో."

"కావచ్చు" అన్నాడు రాజు. "అయితే అదే చెట్టు నుంచి ఇంకొక పువ్వు కోసి తీసుకురా. నా గిన్నెలో నా నీళ్లు పోసి వేద్దాం. పద, నేనూ వస్తాను."

కామిశెట్టి ముఖం నూలు కంటే తెల్లబడింది.

రాజు ముందు, ఊరు వెనక, అందరూ అతని పెరట్లోకి వెళ్లారు. ఎర్ర గులాబీ, పసుపు గులాబీ, లేత ఎరుపు గులాబీ విరగబూసి ఉన్నాయి. మూలన తెల్ల చెట్టు ఉంది. మోడు. ఏళ్ల తరబడి కత్తెర పడక కొమ్మలు కట్టెలైపోయి, ముళ్లు తప్ప ఇంకేమీ మిగలలేదు. సాలెపురుగులు దాని మీద నిశ్చింతగా గూళ్లు కట్టుకున్నాయి.

కామిశెట్టి భార్య కోటమ్మ తలుపు చాటున నిలబడి ఉంది. రాజు ఆమెను అడిగాడు. "ఈ చెట్టు పూసి ఎన్నాళ్లయిందమ్మా?"

ఆమె భర్త వైపు చూసి, తల దించుకుంది. "నేను కాపురానికి వచ్చిన కొత్తలో పూసేది మహారాజా. కోయండి, కోస్తేనే పూస్తుందని చెప్పేదాన్ని. ‘నేను ఏ తప్పు చేశానని కోయాలి?’ అనేవారు."

ఊరంతా ఆ మోడు వైపు చూసింది.

రాజు నాడెను నాంచారమ్మకు తన చేత్తో ఇచ్చాడు. "పువ్వు మీద కాదు, నీ మాట మీద ఇస్తున్నాను. అబద్ధపు పువ్వుతో వచ్చిన నాడెను తనంతట తానే తిరిగి తెచ్చిన మనిషి, నూలు విషయంలో అబద్ధం చెప్పదు. ఇక నుంచి కోటకు కావలసిన పట్టులో ఏది మంచి నూలో, ఏది కాదో నువ్వు చెప్పిందే ఖాయం."

తరువాత శెట్టి వైపు తిరిగాడు. "నీకు నేను శిక్ష వేయను. అంగడి తెరుచుకో. ఈ రాజ్యంలో మనసు చెప్పుకోవడానికి మనకున్నది ఈ పువ్వులే. వాటిని నువ్వు పొగలో పెట్టావు. ఆ సంగతి ఇకపై ప్రజలు చూసుకుంటారు."

శిక్ష లేదనగానే కామిశెట్టి లోలోపల ఊపిరి పీల్చుకున్నాడు. తొందరపడ్డాడు.

ఆ ఏడు అతను సిగ్గుపడి తెల్ల చెట్టు కొమ్మలను మొదలంటా కత్తిరించాడు. నీళ్లు పోశాడు, ఎరువు వేశాడు. తరువాతి మంచు కాలానికి చెట్టు చిగిర్చి ఒక్క మొగ్గ తొడిగింది. అది విచ్చగానే కోసి, నాంచారమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె తిప్పి చూడలేదు, నీళ్లలో ముంచి చూడలేదు. రెండు చేతులా అందుకుని, "లోపలికి రండి శెట్టిగారూ, మజ్జిగ తాగి వెళ్లండి" అంది. అలా మన్నించగలిగినవారు ఆ వీధిలో ఆమె ఒక్కతే.

మిగిలినవారు ఆమె కాదు. చిన్ననాటి స్నేహితుడికి కామిశెట్టి పసుపు గులాబీ ఇచ్చాడు. అతను అందుకుని, ఎండలోకి పట్టుకుని రేకులు విప్పి చూశాడు. జబ్బులో ఆదుకున్న వైద్యుడికి లేత ఎరుపు గులాబీ ఇచ్చాడు. ఆయన పెద్దమనిషి, మర్యాదగా అందుకున్నాడు. కానీ దాన్ని వేలితో రుద్ది, వేలు చూసుకున్నాడు.

ఒక ఉదయం అతను తన పెరట్లో మంచి ఎర్ర గులాబీ ఒకటి కోసి కోటమ్మకు ఇచ్చాడు. అందులో ఏ మోసమూ లేదు. ఇన్నేళ్ల కాపురంలో అంత మనస్ఫూర్తిగా అతను ఆమెకు ఏదీ ఇవ్వలేదు. కోటమ్మ రెండు చేతులా అందుకుంది. జడలో పెట్టుకోబోతూ ఆగి, పువ్వును ముక్కు దగ్గర పెట్టుకుంది. గులాబీని అందరూ వాసన చూస్తారు. ఆమె చూసింది పరిమళం కోసం కాదని కామిశెట్టికి తెలిసింది. ఆమె పువ్వు పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. అతను అక్కడే నిలబడిపోయాడు.

ఒక్క తప్పును ఒప్పుకోకుండా తెల్లగా చూపించబోయినవాడికి పడిన వెల అది: అతని తప్పుకు మన్నింపు దొరికింది కానీ, అతని నిజానికి బతికినన్నాళ్లూ నమ్మకం దొరకలేదు.